కోడ్‌ని ఆపలేరు, మరి దేన్ని ఆపగలరు? చట్టం, పన్ను దెబ్బలకు తట్టుకునేలా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును నిలబెట్టుకునే పద్ధతి

ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అనే లైసెన్స్‌తో సహా పదిమంది చేతుల్లోకి వెళ్లిపోయిన సోర్స్ కోడ్‌ని వెనక్కి లాక్కోవడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. 1990లలో అమెరికా గట్టిగానే ప్రయత్నించింది. బలమైన ఎన్‌క్రిప్షన్‌ని (సందేశాన్ని ఇతరులు చదవలేకుండా మార్చే పద్ధతిని) అప్పట్లో ఆయుధాల జాబితాలో పెట్టారు, అనుమతి లేకుండా దేశం దాటిస్తే నేరం. 1991లో అలాంటి పీజీపీ అనే ప్రోగ్రాముని విడుదల చేసిన ఫిల్ జిమ్మర్‌మన్ మీద 1993లో మొదలైన విచారణను 1996లో కేసు పెట్టకుండానే మూసేశారు. ఈలోగా, 1995లో, ఆ సోర్స్ కోడ్ మొత్తాన్ని ఎంఐటీ ప్రెస్ పుస్తకంగా అచ్చువేసింది. పుస్తకాల ఎగుమతి మీద ఆంక్ష లేదు కదా! తర్వాతి వెర్షన్ పుస్తకాలు యూరప్ చేరాక పేజీ పేజీ స్కాన్ చేసి మళ్లీ నడిచే ప్రోగ్రాముగా మార్చుకున్నారు. 2000లో జంగర్ కేసులో అక్కడి అప్పీళ్ల కోర్టు సోర్స్ కోడ్ కూడా వాక్ స్వాతంత్ర్యం కిందికే వస్తుందని తేల్చింది. అదే ఏడాది బహిరంగంగా దొరికే కోడ్ మీద ఎగుమతి నిబంధనలనూ సడలించారు.

అందాకా బాగానే ఉంది. కానీ కోడ్ బతికి ఉన్నా ప్రాజెక్టు చచ్చిపోవచ్చు. చట్టం చెయ్యి వేసేది కోడ్ చుట్టూ ఉన్నవాటి మీద: కోడ్ రాసిన మనిషి, కోడ్ ఉన్న సర్వరు, దాని డొమైన్ పేరు, బ్యాంకు ఖాతా, చివరికి కోడ్ నడవాల్సిన పరికరం. ఈ అయిదింటిలో ఏది ఒక్కటే ఉంటే అక్కడే ఊపిరి ఆగుతుంది. తెలుగు ఫాంటో, కీబోర్డో, స్పెల్ చెకరో, బడిపిల్లల కోసం లినక్స్ కూర్పో నడుపుతున్న అయిదు నుంచి ఇరవై మంది బృందాన్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. పెద్ద ఫౌండేషన్లకు లాయర్లుంటారు. చిన్నవాళ్లకు ముందుచూపే లాయరు.

ముందు ఒక కాగితం

ఏ పనికైనా ముందు ఒక తెల్లకాగితం మీద ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. డొమైన్ ఎవరి పేరు మీద, ఎవరి ఈమెయిల్ మీద ఉంది? కోడ్ ఉన్న హోస్టు ఏ దేశపు కంపెనీ? విడుదలల మీద డిజిటల్ సంతకం చేసే కీ (రహస్య ఫైలు) ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉంది? డబ్బు ఏ ఖాతాలో పడుతుంది? కొత్త వెర్షన్ విడుదల చేయగలిగినవాళ్లు ఎందరు?

జవాబుగా ఒక్క పేరే వచ్చిన ప్రతి చోటా ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. నెలరోజుల్లో ఆ సున్నాలన్నీ పోవాలి. డొమైన్ ఖాతా వివరాలు ఇద్దరికి తెలియాలి, రెన్యువల్ కనీసం మూడేళ్లు ముందే కట్టి ఉండాలి. విడుదల హక్కు ముగ్గురికి ఉండాలి. డొమైన్ చివరి ముక్క చూసి అది ఎవరి చేతికి అందుతుందో కూడా పక్కన రాయండి: డాట్ కామ్, డాట్ ఆర్గ్ అమెరికా సంస్థల నిర్వహణలో ఉన్నాయి, డాట్ ఇన్ మన దేశంలోని నిక్సీ చేతిలో ఉంది. అసలు సైటు ఒకదాని మీద ఉంటే, ప్రతుల సైటు ఇంకోదాని మీద పెట్టండి.

ఇది అతి జాగ్రత్త అనుకోవద్దు. 2022 ఆగస్టు 8న అమెరికా ఖజానా శాఖ, క్రిప్టోకరెన్సీ జాడను మరుగుపరిచే టోర్నడో క్యాష్ అనే ప్రోగ్రాము మీద ఆంక్షలు పెట్టగానే, కోడ్ దాచిపెట్టే అమెరికా సైటు గిట్‌హబ్ దాని రిపోలనూ (కోడ్ ఉండే ఖజానాలనూ), రాసినవాళ్ల ఖాతాలనూ తీసేసింది. లైసెన్స్‌లో ఏ లోపమూ లేదు. 2024 నవంబరులో అప్పీళ్ల కోర్టు ఆ ఆంక్షలు చట్టం పరిధి దాటాయంది, 2025 మార్చిలో వాటిని ఎత్తేశారు. కోడ్ ప్రతులు ఆ నెలలోనే వేరే చోట్ల ప్రత్యక్షమయ్యాయి. కానీ డెవలపర్లలో ఒకరికి నెదర్లాండ్స్ కోర్టు మనీలాండరింగ్ నేరం కింద 64 నెలల జైలుశిక్ష వేసింది. 2024 అక్టోబరులో లినక్స్ కెర్నల్ మెయింటెయినర్ల జాబితా నుంచి పలువురు రష్యన్ల పేర్లు తీసేసిందీ ఆంక్షల చట్టాల కారణంగానే. కోడ్‌కి ఏమీ కాలేదు, దెబ్బ తగిలింది మనుషులకి. అందుకే మనిషి గడిలో రెండో పేరు, మూడో పేరు ఉండి తీరాలి.

లైసెన్స్ ఫైల్లో మన చట్టం పెట్టే మెలిక

చాలామంది లైసెన్స్ ఫైలు కాపీ చేసి అక్కడితో వదిలేస్తారు. మన కాపీరైట్ చట్టం (1957)లో 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చే పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్లే అనీ, ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశానికే అనీ అనుకోవాలి. 30ఎ సెక్షన్ ఈ నియమాలను తగిన మార్పులతో లైసెన్సులకూ వర్తింపజేస్తుంది. ఎంఐటీ లైసెన్స్‌లో గానీ జీపీఎల్ రెండో వెర్షన్‌లో గానీ కాలం మాటా లేదు, ప్రపంచమంతటికీ అన్న మాటా లేదు. జీపీఎల్ మూడో వెర్షన్ (2007) కాపీరైట్ ఉన్నంతకాలం అని స్పష్టంగా చెబుతుంది. అపాచీ 2.0 శాశ్వతంగా, ప్రపంచమంతటా, వెనక్కి తీసుకోకుండా అని మూడూ చెబుతుంది.

కాబట్టి కొత్త ప్రాజెక్టుకి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోవడం మంచిది. ఇప్పటికే ఎంఐటీలో ఉంటే లైసెన్స్ పాఠాన్ని ముట్టుకోకండి. రీడ్‌మీలో ఒక వాక్యం విడిగా చేర్చండి: "ఈ అనుమతి కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా వర్తిస్తుంది, వాడకపోయినా రద్దు కాదు." చివరి ముక్క ఎందుకంటే, ఏడాదిలోగా వాడని హక్కు తిరిగి యజమానికే పోతుందని అదే 19వ సెక్షన్లో ఉంది. ఈ వాక్యాన్ని కాపీరైట్ ఉన్నవాళ్లందరూ ఒప్పుకున్నట్టు కమిట్లలో (కోడ్‌లో చేసిన ఒక్కో మార్పు నమోదులో) రాసి ఉండాలి. ప్రతి కమిట్‌కీ సైన్-ఆఫ్ (దీన్ని ఇచ్చే హక్కు నాకుందన్న సంతకపు వరస) అడిగే అలవాటు ఉంటే ఈ పని తేలిక.

రెండో మెలిక ఉద్యోగం. 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమాని సొత్తు. హైదరాబాద్ ఐటీ ఒప్పందాల్లో ఇంకా విశాలంగా, సొంత సమయంలో చేసినదీ మాదే అనే క్లాజులు కనిపిస్తుంటాయి. పగలు కంపెనీలో, రాత్రి మీ ప్రాజెక్టులో పనిచేసే ప్రతి ఒక్కరూ అర పేజీ ఉత్తరం తెచ్చుకోవాలి: ప్రాజెక్టు పేరు, లైసెన్స్ పేరు, "దీని మీద కంపెనీకి హక్కు లేదు" అన్న మాట, హెచ్‌ఆర్‌లో సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ల సంతకం. టీమ్ మేనేజరు ఈమెయిల్‌లో "ఓకే" అంటే చాలదు. ప్రభుత్వాలకన్నా ఈ ఉత్తరం లేకపోవడమే ఎక్కువ ప్రాజెక్టులను ముంచగలదు.

ప్రతులు: మూడు చోట్ల, మూడు చట్టాల కింద

ఒకే హోస్టులో రెండు ఖాతాల్లో పెట్టిన ప్రతి రెండో ప్రతి కాదు. తొలగింపు నోటీసు వస్తే అసలు రిపోతో పాటు అక్కడి ఫోర్కులూ (ఇతరులు చేసుకున్న ప్రతులూ) పోవచ్చు. ఒకటి అమెరికా హోస్టులో, ఒకటి యూరప్‌లో (జర్మనీలోని కోడ్‌బర్గ్ లాంటిది), ఒకటి మన దేశంలో మీ సొంత సర్వరు మీదో, కనీసం ఇంట్లో హార్డ్ డిస్క్ మీదో ఉండాలి.

కోడ్ చరిత్రను నమోదు చేసే గిట్ ప్రోగ్రాములో క్లోన్ (ప్రతి తీసే) ఆదేశాన్ని మిర్రర్ ఆప్షన్‌తో ఇస్తే అన్ని శాఖలూ (కోడ్‌లోని సమాంతర పాయలూ), ట్యాగులూ (విడుదల గుర్తులూ) యథాతథంగా వస్తాయి. మామూలు క్లోన్‌లో సొంత శాఖగా ఒక్కటే ఏర్పడుతుంది, మిగతావి అసలు రిపో శాఖల గుర్తులుగానే ఉంటాయి. తర్వాత రోజుకోసారి రిమోట్ అప్‌డేట్ నడిచేలా క్రాన్‌లో (వేళకు ఆదేశాలు నడిపే ప్రోగ్రాములో) పెట్టండి. ఇక్కడో ప్రమాదం ఉంది: ఎవరైనా ఒత్తిడి పెట్టి అసలు రిపోలో శాఖలు చెరిపిస్తే, ప్రూన్ ఆప్షన్‌తో (అసలులో లేనివి తీసేయమనే ఆదేశంతో) నడిచే మీ మిర్రర్ కూడా బుద్ధిగా వాటిని చెరిపేస్తుంది. అందుకే నెలకోసారి గిట్ బండిల్ ఆదేశంతో చరిత్ర మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసి, ఫైలు పేరులో తేదీ పెట్టి, విడి డిస్క్‌లో దాచండి. గిట్ బండిల్ వెరిఫై నడిపి చూడండి. ఆరు నెలలకోసారి ఆ బండిల్ నుంచి ఖాళీ మెషీన్ మీద ప్రాజెక్టును నిజంగా బిల్డ్ చేయండి. చాలామందికి ఇక్కడే తెలిసొస్తుంది: పెద్ద ఫైళ్లు ఎల్ఎఫ్ఎస్‌లో (వాటిని విడిగా దాచే పద్ధతిలో) ఉండి బండిల్లోకి రాలేదని, బగ్ చర్చలూ వికీ అసలు ఆ రిపోలోనే లేవని. వాటిని హోస్టు ఇచ్చే ఎగుమతి సదుపాయంతో విడిగా దించుకోవాలి.

ఫ్రాన్స్ పరిశోధన సంస్థ ఇన్రియా 2016లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ సైటులో మీ రిపో చిరునామా ఇస్తే చరిత్రతో సహా భద్రపరుస్తుంది. డబ్బు అడగదు, పట్టే సమయం రెండు నిమిషాలు. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో మీ ప్యాకేజీ చేరడం అన్నిటికన్నా గట్టి రక్షణ, ఎందుకంటే దాని మిర్రర్లు దేశదేశాల్లో ఉన్నాయి, ప్యాకేజీ జాబితాల మీద సంతకం ఉంటుంది కాబట్టి ఏ మిర్రర్ నుంచి దించుకున్నా కల్తీ జరిగితే దొరికిపోతుంది.

తొలగింపు నోటీసు వచ్చిన రోజు

2020 అక్టోబరు 23న అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం నోటీసుతో, వీడియోలు దించుకునే ప్రోగ్రాము యూట్యూబ్-డీఎల్ రిపో గిట్‌హబ్‌లో మూతపడింది. నోటీసు పట్టుకున్న ఆధారాల్లో ఒకటి ఏమిటంటే, ప్రోగ్రాము సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టు ఫైళ్లలో పేరున్న సంగీత కంపెనీల పాటల లింకులు. ఆ టెస్టులు తీసేశాక, నవంబరు 16న రిపో తిరిగొచ్చింది. ఇలాంటి కేసుల్లో డెవలపర్ల రక్షణకు గిట్‌హబ్ 10 లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది. నేర్చుకోవాల్సింది ఈరోజే చేసేయండి: మీ రిపోలో టెస్టులు, రీడ్‌మీ ఉదాహరణలు, స్క్రీన్‌షాట్లు అన్నీ వెతికి, సినిమా పాటలు, పత్రికల పేజీలు, కొత్త పుస్తకాల స్కాన్లు ఉంటే తీసేయండి. తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రోగ్రాము), ఫాంటు ప్రాజెక్టుల్లో ఇవి ఇరుక్కుని ఉండే అవకాశం చాలా ఎక్కువ. వాటి బదులు వేమన పద్యాలు, కాపీరైట్ తీరిన పాత పుస్తకాలు వాడండి. మన చట్టంలో కాపీరైట్ రచయిత మరణించిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు.

నోటీసు వస్తే మొదటి గంటలో జవాబు రాయకండి. పూర్తి పాఠం భద్రపరచండి, ఏ సెక్షన్ కింద వచ్చిందో చూడండి. అమెరికా డిజిటల్ కాపీరైట్ చట్టం డీఎంసీఏలో 512వ సెక్షన్ కింద కాపీ చేశారన్న ఆరోపణ అయితే కౌంటర్ నోటీసు ఇవ్వొచ్చు. అవతలివాళ్లు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో హోస్టు తిరిగి పెడుతుంది. అయితే కౌంటర్ నోటీసులో మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి, అమెరికా కోర్టు పరిధికి ఒప్పుకోవాలి, అవన్నీ అవతలివాళ్ల చేతికి వెళ్తాయి. వ్యక్తి పేరుతో కాక సంస్థ పేరుతో పంపగలిగితే మేలు. 1201వ సెక్షన్ కింద, అంటే డిజిటల్ తాళం పగలగొట్టారన్న ఆరోపణ అయితే ఆ 512 కౌంటర్ నోటీసు దారి చట్టంలో రాసిలేదు, హోస్టుతో సాంకేతికంగా వాదించుకోవాలి.

మన దేశపు హోస్టుకి ఫిర్యాదు వస్తే లెక్క వేరు. కాపీరైట్ నియమాలు (2013)లోని 75వ నియమం ప్రకారం 36 గంటల్లో హోస్టు ఆపుతుంది, 21 రోజుల్లోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవొచ్చు. ఆ 22వ రోజు తేదీని క్యాలెండర్లో రాసుకుని, ఆ రోజు ఉదయమే హోస్టుకి ఉత్తరం పంపండి. గుర్తుచేయకపోతే తెరిచే నాథుడుండడు. డిజిటల్ తాళాల విషయంలో మన 65ఎ సెక్షన్ అమెరికా చట్టమంత కర్కశం కాదు: హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో తాళం తీయడమే నేరం. వేరే ప్రోగ్రాముతో కలిసి పనిచేయించడానికి కావలసిన సమాచారం రాబట్టడాన్ని 52(1)(ఎబి) అనుమతిస్తుంది. మీ జవాబులో ఈ సెక్షన్ల నంబర్లు వేయండి.

సైటు తెరుచుకోకపోతే

2022 ఫిబ్రవరి నుంచి మన దేశంలో వీఎల్‌సీ ప్లేయర్ అధికారిక సైటు తెరుచుకోలేదు. కారణం చెబుతూ బహిరంగ ఉత్తర్వు ఏదీ రాలేదు. దాన్ని తయారుచేసే వీడియోలాన్ సంస్థ ఇంటర్నెట్ ఫ్రీడం ఫౌండేషన్ సాయంతో అక్టోబరులో లీగల్ నోటీసు పంపింది, నవంబరులో నిషేధం ఎత్తేశారు. ఆ నెలలన్నీ లినక్స్ వాడేవాళ్లు తమ పంపిణీ రిపోల నుంచి వీఎల్‌సీని మామూలుగానే దించుకున్నారు. ఇబ్బంది పడ్డది విండోస్‌లో అధికారిక సైటు మీదే ఆధారపడ్డవాళ్లు, వాళ్లలో కొందరు ఊరూపేరూ లేని సైట్ల నుంచి దించుకుని ఉంటారన్నదే అసలు బాధ.

సైటు అందకపోతే ముందు అది నిషేధమో, సర్వరు పడిపోయిందో తేల్చుకోండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో ఒకసారి, ఇంకో కంపెనీ మొబైల్ డేటాతో ఒకసారి, విదేశంలోని స్నేహితుడితో ఒకసారి చూడాలి. మొదటి రెంట్లో ఏదో ఒకదాంట్లో రాక, మూడోదాంట్లో వస్తే నిషేధమే అయ్యుండొచ్చు. డీఎన్ఎస్ సర్వరు (సైటు పేరుకి నంబరు చిరునామా చెప్పేది) మార్చగానే వస్తే పేరు దగ్గర ఆపుతున్నారు. మార్చినా రాకపోతే, కనెక్షన్ మొదట్లో కనిపించే సైటు పేరును చూసి తెంచుతున్నారు. అప్పుడు డీఎన్ఎస్ మార్పు పనికిరాదు, వేరే డొమైన్ మీది మిర్రర్ కావాలి. ఊనీ ప్రోబ్ అనే స్వేచ్ఛా యాప్ ఈ పరీక్షలన్నీ తనే చేసి తేదీతో సహా నమోదు చేస్తుంది. ఆ నమోదే తర్వాత మీ సాక్ష్యం.

ఐటీ చట్టం 69ఎ కింద నిషేధించేముందు, అత్యవసరం కాని సందర్భాల్లో, సమాచారం పెట్టినవాళ్లకో మధ్యవర్తికో నోటీసిచ్చి జవాబుకి కనీసం 48 గంటలివ్వాలని 2009 నియమాల్లో ఉంది. నోటీసు చేరాలంటే మీరు దొరకాలి కదా! సైటులో సంస్థ పేరు, పనిచేసే ఈమెయిల్ ఉంచండి. నోటీసు రాకుండా నిషేధం పడితే ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకూ, టెలికం శాఖకూ రూ. 10 కట్టి సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. 16వ నియమం కింద గోప్యం అనే జవాబే ఎక్కువగా వస్తుంది, అయినా వేయాలి, కోర్టుకి వెళ్లేటప్పుడు అది మెట్టు.

2023 మేలో జమ్మూ కశ్మీర్ భద్రత కారణం చూపి 14 మెసేజింగ్ యాప్‌లను ఆపినప్పుడు వాటిలో ఎలిమెంట్, బ్రయార్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ఎలిమెంట్ వాడే మ్యాట్రిక్స్ ప్రోటోకాల్‌కి (సందేశాలు మార్చుకునే నియమాలకి) వేరే యాప్‌లూ ఉన్నాయి కాబట్టి ఆ దారి మొత్తంగా మూసుకుపోలేదు. మీ ప్రాజెక్టు ఫైలు ఫార్మాటునీ, ప్రోటోకాల్‌నీ విడిగా రాసి ప్రచురించండి, మీ యాప్ పోయినా ఇంకొకరు అందుకుంటారు.

పన్ను: సున్నా మీద 18 శాతం ఎంత?

పన్నుతో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని అణచాలంటే ధర ఉండాలి, అమ్మేవాడు ఉండాలి. ఈ వాదన మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో 2004 నవంబరు 5న రాజ్యాంగ ధర్మాసనం, డిస్క్ మీద అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కూడా సరుకేననీ, దానికి 1957 నాటి ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను చట్టం వర్తిస్తుందనీ తీర్పు చెప్పింది. సాఫ్ట్‌వేర్ సరుకైనా సరే, పన్ను పడేది అమ్మకం మీద. ఊరికే పంచితే అమ్మకం లేదు.

జీఎస్టీలోనూ అంతే. 7వ సెక్షన్ ప్రకారం ప్రతిఫలం తీసుకుని, వ్యాపారంలో భాగంగా ఇచ్చినదే సరఫరా. ప్రతిఫలం లేకున్నా సరఫరాగా లెక్కించేవి ఒకటో షెడ్యూల్లో ఉన్నాయి. వాటిలో మనకు తగిలేది సంబంధిత సంస్థల మధ్య లావాదేవీ ఒక్కటే: విదేశీ మాతృసంస్థ తన భారత శాఖకి సాఫ్ట్‌వేర్ సేవ ఊరికే ఇస్తే దానికి విలువ కట్టొచ్చు. అక్కడ కూడా, శాఖకి పూర్తి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీది పన్నుని సర్దుబాటు చేసుకునే) అర్హత ఉండి, ఇన్‌వాయిస్ వేయకపోతే విలువ సున్నాగా అనుకోవచ్చని 2024 జూన్ 26 నాటి సర్క్యులర్ చెబుతోంది. మీ ఫాంటు దించుకున్న అనకాపల్లి డీటీపీ ఆపరేటరు మీకు సంబంధిత సంస్థ కాదు. భవిష్యత్తులో ఎవరైనా ధరతో నిమిత్తం లేకుండా ప్రతికి ఇంత అని పన్ను వేస్తే? వసూలు చేసేది ఎవరి దగ్గర? యూరప్‌లో కొన్ని దేశాలు ఖాళీ సీడీలు, మెమరీ కార్డుల మీద కాపీరైట్ సుంకం వేసినట్టు, పరికరం అమ్మేవాడి దగ్గరే వసూలు చేయాలి. అది అందరి మీదా పడే భారం అవుతుంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి ప్రత్యేకంగా తగలదు.

ఇక స్వేచ్ఛా అంటే ఉచితమని కాదు, అమ్ముకోవచ్చు, సేవలకు డబ్బు తీసుకోవచ్చు. డబ్బు వచ్చిన క్షణం నుంచి లెక్కలన్నీ మామూలే. పన్ను వల్ల ప్రాజెక్టు ఆగేది సాధారణంగా ఇక్కడే, లెక్క తప్పడం వల్ల.

ఇన్‌స్టాలేషన్ శిబిరానికి రూ. 200 ప్రవేశ రుసుం పెడితే అది ప్రతిఫలం. శిక్షణ, కస్టమ్ పని, సపోర్ట్ అన్నీ కలిపి ఏడాది టర్నోవరు రూ. 20 లక్షలు దాటితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, రేటు 18 శాతం. విదేశీ కంపెనీకి పని చేసిపెట్టి విదేశీ కరెన్సీలో తీసుకుంటే ఎగుమతి, పన్ను సున్నా. కానీ రిజిస్టరైనవాళ్లు ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఆర్ఎఫ్‌డీ-11 ఫారంలో ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికిచ్చే హామీపత్రం) వేయాలి. మరిచిపోతే ముందు 18 శాతం కట్టి తర్వాత రీఫండ్ కోసం తిరగాల్సి వస్తుంది.

విరాళమా, ప్రకటనా అన్నది ఇంకో చిక్కు. ధార్మిక సంస్థకి ఇచ్చిన విరాళానికి కృతజ్ఞతగా దాత పేరు రాస్తే జీఎస్టీ లేదని 2019 అక్టోబరు 11 నాటి 116వ సర్క్యులర్ స్పష్టం చేసింది, ఆ పేరు వ్యాపార ప్రచారంగా ఉండకూడదు. "ఈ విడుదలకు సహకరించినవారు" అని పేరు రాయండి. లోగో, ఉత్పత్తి వివరణ, కొనుగోలు లింకు పెట్టారంటే అది స్పాన్సర్‌షిప్ సేవ, పన్ను పడుతుంది.

మెయింటెయినర్ సొంత ఖాతాలో నెలనెలా పడే స్పాన్సర్ డబ్బుని బహుమతి అని చూపకండి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో రూ. 50,000 దాటితే మొత్తానికి పన్నే, పైగా చేసిన పనికి వచ్చినదాన్ని బహుమతి అంటే అధికారి ఒప్పుకోడు. వృత్తి ఆదాయంగా చూపి సర్వరు, డొమైన్, ఇంటర్నెట్ ఖర్చులు తీసేసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి, పాత ఉత్తరాల నుంచి నంబర్లు ఎత్తిరాయకండి.

అన్నిటికన్నా ప్రమాదం విదేశీ విరాళం. 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) ప్రకారం విద్యా, సాంస్కృతిక, సామాజిక కార్యక్రమం ఉన్న సంస్థ రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీ విరాళం తీసుకోకూడదు. ఉల్లంఘనకు అయిదేళ్ల దాకా జైలు. రిజిస్ట్రేషన్‌కి సంస్థ మూడేళ్లుగా నడుస్తూ, ఆ మూడేళ్లలో ఆశయాల మీద రూ. 15 లక్షలు ఖర్చుచేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఆ డబ్బుని మరో సంస్థకి బదిలీ చేయకూడదు. డల్లాస్‌లో ఉన్న తెలుగు మిత్రుడు వెయ్యి డాలర్లు పంపుతానంటే ముందు పాస్‌పోర్టు అడగండి. భారత పాస్‌పోర్టుతో ఉన్న ఎన్నారై తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. ఓసీఐ కార్డున్న అమెరికా పౌరుడు పంపితే విదేశీ విరాళమే, ఎంత దగ్గరివాడైనా సరే. పని చేయించుకుని ఫీజు కట్టడం మాత్రం మామూలు వ్యాపారంలో భాగమైతే విరాళం కిందికి రాదు. దానికి పని వివరంతో ఒప్పందం, ఇన్‌వాయిస్ ఉండాలి, బ్యాంకు అడిగే పర్పస్ కోడ్ సరిగ్గా ఉండాలి: సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పి0802. బ్యాంకు గుమాస్తా విరాళాల కోడ్ పి1303 వేస్తే ఆరోజే ఉత్తరం రాసి మార్పించండి.

ఖాతా తెరవడానికి సంస్థ కావాలంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులతో రిజిస్టర్ చేసుకోవచ్చు. ఏడుగురిలో నలుగురు ఒకే ఇంటివాళ్లయితే రేపు చిక్కు వచ్చినప్పుడు ఎవరూ మిగలరు.

తాళం వేసిన పరికరాలు

కోడ్‌ని ముట్టుకోకుండా అది నడిచే యంత్రానికే తాళం వేయడం మరో మార్గం. అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రేడియో నియమాల సాకుతో రౌటర్లలో బయటి ఫర్మ్‌వేర్‌ని (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని) అడ్డుకున్న టీపీ-లింక్ కంపెనీ, 2016లో ఆ సంస్థతోనే చేసుకున్న రాజీలో 2 లక్షల డాలర్లు కట్టడంతో పాటు బయటి ఫర్మ్‌వేర్‌కి దారి తెరవడానికి ఒప్పుకుంది. బడికో గ్రంథాలయానికో కంప్యూటర్లు కొనేటప్పుడు టెండరులో రెండు షరతులు రాయించండి: సెక్యూర్ బూట్ కీలను (కంప్యూటర్ ఏ ఓఎస్‌తో మొదలవ్వచ్చో తేల్చే తాళాలను) కొన్నవాళ్లు మార్చుకోగలగాలి, వారంటీ వేరే ఓఎస్ వేసినా చెల్లాలి. కొన్నాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ముసాయిదా దశలోనే పట్టుకోండి

చట్టం మారేది ముసాయిదా దశలో. 2004 డిసెంబరు 26న వచ్చిన ఆర్డినెన్సు పరిశ్రమలో సాంకేతికంగా ఉపయోగించే ప్రోగ్రాములకు పేటెంటు ఇవ్వజూసింది. 2005లో పార్లమెంటు ఆ ముక్క తీసేసి, ప్రోగ్రాముకి దానికదే పేటెంటు లేదనే పేటెంట్ల చట్టం 3(కె) సెక్షన్‌ని పాత రూపంలోనే ఉంచింది. అదే ఏడాది జూలై 6న యూరప్ పార్లమెంటు సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ప్రతిపాదనను 14కి వ్యతిరేకంగా 648 ఓట్లతో తోసిపుచ్చింది. 2022 సెప్టెంబరులో యూరప్ సైబర్ రెసిలియెన్స్ చట్టం ముసాయిదా వచ్చినప్పుడు, భద్రతా లోపాల బాధ్యత ఊరికే కోడ్ పంచినవాళ్ల మీద కూడా పడేలా ఉంది. ఏడాదికి పైగా అభ్యంతరాలు రాశాక, వ్యాపారం కాని ప్రాజెక్టులను మినహాయించి, ఫౌండేషన్ల కోసం స్టీవార్డ్ అనే తేలికపాటి వర్గం చేర్చారు. ఆ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది, పూర్తి బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి. మీ కోడ్ లైబ్రరీని (ఇతర ప్రోగ్రాముల్లో వాడుకునే కోడ్‌ని) యూరప్ కంపెనీ ఏదైనా వాడుతుంటే ప్రశ్నావళులు వస్తాయి. ఉచితంగా పంచే ప్రాజెక్టుగా మీకు వాటిని నింపే బాధ్యత లేదని మర్యాదగా రాయండి, నింపిపెట్టాలంటే ఫీజు చెప్పండి.

ఏ బిల్లు వచ్చినా నేరుగా నిర్వచనాల సెక్షన్‌కి వెళ్లండి. "అందించేవారు", "ప్రచురించేవారు", "అందుబాటులో ఉంచడం" అన్న మాటలు ప్రతిఫలం ప్రస్తావన లేకుండా ఉన్నాయా చూడండి. ఉంటే మీ రిపో అందులో పడుతుంది. కాలిఫోర్నియా 2025లో చేసిన వయసు సమాచార చట్టం ఆపరేటింగ్ సిస్టమ్ అందించేవారందరి మీదా 2027 జనవరి 1 నుంచి బాధ్యత పెడుతోంది, ఎవరూ అమ్మని లినక్స్ పంపిణీల్లో ఆ అందించేవారు ఎవరన్నది తేలాల్సిన ప్రశ్న. మన కేంద్ర ప్రభుత్వ 2014 విధానం ప్రకారం ముసాయిదాలు కనీసం 30 రోజులు ప్రజల ముందుండాలి. అభ్యంతరం రెండు పేజీలు దాటనివ్వకండి: క్లాజు నంబరు, దాని వల్ల మీ ప్రాజెక్టులో ఏ పని ఆగుతుందో రెండు వాక్యాలు, ఆ తర్వాత మీరు కోరే మార్పు, చట్టం భాషలోనే, యథాతథంగా ఎత్తి పెట్టుకోగలిగేలా. తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి పంపి, మీ ఎంపీకి ప్రతి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.